పుడమి పెట్టిన పేర్లు

ఆడబిడ్డకు అపురూపమైన పేరు కోరువారికి మన ఏఱులు, చెట్లు, చుక్కలు చూపు దారి

పళ్ళెములో పఱచిన బియ్యము మీద తండ్రి బంగారపుటుంగరముతో బిడ్డ పేరు వ్రాసి, పిదప ఆ పేరునే పాప చెవిలో ముమ్మాఱు మెల్లగా పలికి, ఉయ్యాలలో పరుండబెట్టు బారసాల వేడుక చూచుటకు ఒక గడియసేపటి ముచ్చటయే యైనను, అందు జరుగు నిర్ణయము మాత్రము నూఱేండ్లకు సరిపడునది. వచ్చిన చుట్టములు వెడలిపోవుదురు, కట్టిన తోరణములు వాడిపోవును, కొనిన పట్టుగౌను నెల తిరుగకమునుపే పొట్టిదగును; పేరొక్కటియే బడి పట్టికలోను, పరీక్ష పత్రము మీదను, పెండ్లి శుభలేఖలోను, తుదకు మనుమలు చెప్పుకొను కథలలోను ఆమెను విడువక వెంట నడచును.

ఇప్పటి దంపతుల కోరిక రెండు విధములు. పేరు వినగానే ఒక పువ్వో, ఒక ఏఱో, ఒక వానజల్లో తలపునకు రావలెను. అయినను తరగతిలో మఱియొక పిల్లకు ఆ పేరు ఉండరాదు. మొదటి కోరికలో సౌందర్యదృష్టి యున్నది. రెండవదానిలో తమ బిడ్డ తమకు లోకమున ఒక్కతెయే యను వాత్సల్యమున్నది. రెండును మన్నింపదగినవే. అయితే వీనిని తీర్చుకొనుటకై వారు ఏ నిఘంటువులోను కానరాని రెండక్షరముల శబ్దములను, ఎవరో అర్థము కల్పించి వ్రాసిపెట్టిన జాబితాలనుండి ఎత్తుకొనివచ్చుట చూచినప్పుడు నా మనస్సు నొచ్చును. ఎందుకనగా, అపురూపమైన పేరు దూరమున దాగియుండదు. బిడ్డ పుట్టిన ఊరి ప్రక్కన పారు ఏటిలోను, తాతగారి పెరటిలో పూచు చెట్టునందును, మేడ మీద నిలిచి తల యెత్తినచో కనబడు చుక్కలలోను అది యుండును. తెలుగునాట అట్టి పేర్లకు కొదువ లేదు. వానిని ఎఱిగి, ఎంచి, బిడ్డకు పెట్టి, ఏ వస్తువు పేరు పెట్టితిమో ఆ వస్తువును బిడ్డకు చూపించు ఓపిక మాత్రము మనకు కావలెను.

శాస్త్రము వలదన్నను

పేరిడుటను గూర్చి మన పూర్వులు ఊరకుండలేదు. స్త్రీ నామము సుఖముగా ఉచ్చరింపదగినదిగను, కఠినము కానిదిగను, అర్థము స్పష్టముగా గలదిగను, మనోహరముగను, మంగళకరముగను ఉండవలెనని మనుస్మృతి రెండవ అధ్యాయము చెప్పుచున్నది. ఆడబిడ్డ పేరు బేసి అక్షరములతో నుండవలెనని ఆశ్వలాయన గృహ్యసూత్రము విధించినది. కాని అదే మనుస్మృతి మూడవ అధ్యాయమునకు వచ్చునప్పటికి, నక్షత్రముల పేరు, చెట్ల పేరు, నదుల పేరు, పర్వతముల పేరు, పక్షుల పేరు గల కన్యను వివాహమాడరాదని యొక నిషేధమును గూడ పెట్టినది. అనగా నేటి తల్లిదండ్రులు మక్కువతో వెదకుచున్న పేర్లన్నియు ఆ నిషేధములో చేరినవే.

లోకము ఆ మాటను తలకెక్కించుకొనలేదు. రోహిణి, రేవతి, అనూరాధ యని చుక్కల పేర్లు, తులసి, మాలతి, మాధవి యని మొక్కల పేర్లు, గోదావరి, కృష్ణవేణి, యమున యని నదుల పేర్లు, గిరిజ, హైమవతి యని కొండల తలపుగల పేర్లు పండితుల యిండ్లలోను పెట్టుకొనిరి, పామరుల యిండ్లలోను పెట్టుకొనిరి. పల్లెలలోనైతే సంస్కృతపు సాయము సైతము అడుగక, చిలకమ్మ, కొండమ్మ, పూలమ్మ, మల్లమ్మ, గంగమ్మ యని కంటికెదుట నున్నదాని పేరునే పిలుచుకొనిరి. ఈ పేర్లు గల ముత్తవ్వలు ప్రతి యింటను ఉన్నారు. బడిలో చేర్చునాడు ఆ పేర్లు మోటువని యెంచి మార్చివేసినవారును ఉన్నారు. చిలుక పేరు పెట్టుకొనుటలో సిగ్గుపడవలసినది ఏమియు లేదు. ప్రకృతి పేరు కావలెనని నేడు తహతహలాడువారు తమ ముత్తవ్వ పేరును ఒక్కసారి గౌరవముతో తలచుకొన్నచో, తాము వెదకునది తమ వంశములోనే యున్నదని గ్రహింపగలరు.

కవులును లోకము పక్షమే వహించిరి. రామరాజభూషణుని వసుచరిత్రమున నాయిక యగు గిరిక శుక్తిమతీ నదికిని కోలాహల పర్వతమునకును పుట్టిన కూతురు. స్మృతికారుడు వలదన్న నదిని, పర్వతమును రెండిటిని తల్లిదండ్రులుగా గలిగిన ఆ కన్యను వసురాజు కోరి పెండ్లాడెను. విశ్వామిత్ర మేనకల బిడ్డను అడవిలో పక్షులు రెక్కలు చాచి కాపాడగా, కణ్వమహర్షి ఆ శకుంతములను బట్టియే శకుంతల యని పేరు పెట్టినట్లు భారత కథ. జనకుడు యజ్ఞభూమిని దున్నుచుండగా నాగేటి చాలులో దొరకిన బిడ్డకు ఆ చాలు పేరే పేరయ్యెను. సీత యనగా నాగేటి చాలు. మన నారాయణవనమును ఏలిన ఆకాశరాజు భూమిని దున్నించినప్పుడు తామరపువ్వులో కనబడిన పాప పద్మావతి యయ్యెనని వేంకటాచల మాహాత్మ్యము చెప్పును. ఈ మువ్వురి విషయమునను పేరు పెట్టినవారు ఏ పట్టికయు వెదకలేదు. బిడ్డ ఎచ్చట దొరకెనో ఆ చోటినే పేరుగా పిలిచిరి. చోటును బట్టి పేరిడు ఈ పద్ధతియే నేటివారికిని శరణ్యమని నా విశ్వాసము.

ఏటి పేరే ఇంటి ఆడపడుచునకు

గోదావరి, కృష్ణవేణి, తుంగభద్ర యను పెద్ద పేర్లు మనకు చెవికి అలవాటైనవి. కాని తెలుగునేల మీద వీనికంటె చిన్నవైన ఏఱులెన్నియో, ఒక్కొక్కటి ఒక కావ్యకన్య పేరు ధరించి, ఏ బడి పట్టికలోను చేరక పారుచున్నవి. బాలాఘాటు కొండలలో పుట్టి కందకుర్తి యొద్ద గోదావరిలో కలియు మంజీర అందెల చప్పుడును తలపించును; హైదరాబాదు నగరము ఎన్నో యేండ్లుగా ఆ నీటిని త్రాగుచున్నది. ఆ సంగమముననే వచ్చి కలియు చిన్న యేటికి హరిద్ర యని పేరు. వార్ధా వైనగంగలు కలిసి ఏర్పడి కాళేశ్వరము కడ గోదావరిని చేరునది ప్రాణహిత. ప్రాణములకు హితము చేయునది యను నామమును ఆ నదికి ఎవరు పెట్టిరో కాని, బిడ్డ కొఱకు అంతకంటె మంచి ఆశీర్వచనము నాకు తోచుటలేదు. కూనవరము నొద్ద గోదావరిలో కలియు శబరి రామకథలోని ఆ వృద్ధభక్తురాలిని తలపునకు తెచ్చును. పాల్వంచ అడవులలో పారు కిన్నెరసానిని విశ్వనాథ సత్యనారాయణగారు తమ కిన్నెరసాని పాటలలో కోడలిపిల్లగా చిత్రించి తెలుగువారి గుండెలలో నిలిపినారు. శ్రీకాళహస్తి ప్రక్కన సువర్ణముఖి, పుట్టపర్తి ప్రక్కన చిత్రావతి, విజయనగరపు సీమలో చంపావతి, ఇవన్నియు నేడు ఏ తల్లియైనను తీసికొని తన బిడ్డకు తొడుగదగిన పేర్లే.

శ్రీకాకుళములో ఒక బారసాలకు నేను వెళ్ళియుంటిని. పాపకు నాగావళి యని పేరు నిశ్చయించిరి. ఆ పట్టణము నడుమనుండి పారు ఏటి పేరది. బలరాముడు తన నాగలి మొనతో చాలు తీసి ఆ నదిని ఈ దేశమునకు తెచ్చెనని స్థలపురాణము, అందుచేతనే దానికి లాంగుల్య యని మఱియొక పేరు. పాప పెదనాన్న కొంచెము సందేహించి, వరదలు వచ్చునప్పుడు ఒడ్లు కోసివేయు నది పేరు పసిదానికి ఏలయనెను. అప్పటివఱకు మూలను పీట మీద కూర్చుండి వక్కలు కత్తిరించుచున్న తొంబదేండ్ల ముత్తవ్వ అడకత్తెర ప్రక్కన పెట్టి, "మనేటి నీళ్ళు తాగే కదా నాయనా, నువ్వూ నేనూ పెరిగాం! దాని పేరు దానికి పెడితే తప్పేముంది?" అని, చేయి చాచి పాపను ఒడిలోనికి తీసికొని "నాగావళమ్మా" యని పిలిచినది. ఆ పిలుపుతో వాదము ముగిసినది. తొంబదేండ్ల నోటికి మొదటి పలుకుతోనే పట్టుబడిన పేరు, ఆ ఊరిలో మఱి యే పిల్లకును లేని పేరు, అదియే యిది. అపురూపత్వమును, ఆత్మీయతయు ఒకే చోట నుండగలవని చెప్పుటకు ఇంతకుమించిన నిదర్శనము నేను చూపలేను.

పూచి రాలిన పిదప

పూలలో మల్లిక, పద్మ, మందార యని పలుమాఱు వినినవానిని విడిచి, ఒక్క పొగడపువ్వును దగ్గఱగా చూడుడు. వేకువజామున చెట్టు క్రింద నేల నిండ రాలియుండు ఆ పువ్వు చిటికెనవ్రేలి గోరంత యుండును. మీగడ వన్నెలో, సన్నని ఱేకుల అంచులతో, చక్రము వలె గుండ్రముగా నుండి, నడుమ రంధ్రము కలిగియుండును. ఆ రంధ్రముండుటచేత దానిని గ్రుచ్చుటకు సూదియు అక్కరలేదు. పిల్లలు ఒక గడ్డిపోచ నందులో దూర్చుకొనిపోయి దండ కట్టుదురు. తక్కిన పూలు వాడినతోడనే వాసన పోగొట్టుకొనును. పొగడ మాత్రము ఎండి, గోధుమ వన్నెకు తిరిగి, పెట్టెలోని చీరల మడతల నడుమ పడియున్నను తావి విడువదు. సంస్కృతమున దీని పేరే వకుళ. తిరుమల కథలో శ్రీనివాసుని కన్నతల్లి వలె సాకి, పద్మావతితో పెండ్లికి పూనుకొన్నది వకుళమాత. తిరుపతి చెంత పేరూరు బండ మీద నున్న ఆమె ఆలయము 2022లో పునరుద్ధరింపబడినది. మూడక్షరముల ఈ పేరు సూత్రకారుడు కోరిన బేసి లెక్కకు సరిపోవును, పలుకుటకు మృదువు, పైగా ఆ పువ్వునకుగల గుణము, ఆ తల్లికిగల ఆదరము రెండును దానితోపాటు వచ్చును.

శిరీష యను పేరుగల ఆడపిల్లలు మనలో పెక్కుమంది యున్నారు. కాని తమ పేరుగల చెట్టును చూచినవారు ఎందఱు? అది మన దిరిసెన చెట్టే. వేసవిలో లేతపచ్చని పట్టుకుచ్చులవంటి పూలు పూచి, సాయంకాలము వీథియంతయు సుగంధము నింపును. ఆకురాలు కాలమున ఎండిన కాయలు గాలికి గలగలలాడును. కాళిదాసుని శకుంతల చెవికి అలంకారమైనది ఈ పువ్వే. పేరు వాడుకలో నుండి వస్తువు మఱపున పడుట యనగా ఇదియే. కుందమునకు తెలుగు పేరు మొల్ల. చలికాలమున తెల్లగా పూచు ఈ చిన్నపువ్వు పేరు ధరించిన ఆతుకూరి మొల్ల రామాయణమును రచించి తెలుగు కవయిత్రులలో చిరస్మరణీయ యయ్యెను. రెండక్షరముల అచ్చతెనుగు పేరు, ఒక కవయిత్రి కీర్తి, ఒక పూవు తెలుపు; ఇన్ని గల పేరును మనము మఱి యెవరికిని పెట్టకుండుట వింతయే. రాత్రి విరిసి తెల్లవారుసరికి పగడపు కాడతో నేల రాలు పగడమల్లెకు శేఫాలిక యని మఱియొక పేరు. బతుకమ్మను పేర్చునప్పుడు మొదటివరుసలో నిలుచు తంగేడు తెలంగాణ రాష్ట్రపుష్పము. ఆ పసిడిపూల పేరు పెట్టుకొను సాహసము ఏ తల్లికైన కలిగినచో నేను ఆమెను అభినందింతును.

ఇట్టి పేర్లు ఇంకను కావలసినవారు అమరకోశములోని వనౌషధివర్గమును, వారివర్గమును ఒక్క సాయంకాలము ఓపికతో చదివినచో చాలును. అర్థమును గూర్చి సందేహము కలిగినప్పుడు 1885 నాటి శబ్దరత్నాకరము నేటికిని నమ్మదగిన సాక్షి.

చుక్కలు, కార్తెలు

సేద్యము చేయువానికి నక్షత్రము జాతకము మాత్రమే కాదు, పంచాంగములోని వాన. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని సామెత. మృగశిర ప్రవేశించినతోడనే తొలకరి కొఱకు కన్నులు మింటివైపు తిరుగును. ఆరుద్ర వచ్చుసరికి తడి నేల మీద ఎఱ్ఱని పట్టువంటి ఆరుద్రపురుగు ప్రాకును. స్వాతి చినుకు ముత్యపుచిప్పలో పడి ముత్యమగునని కవుల నమ్మకము. కార్తిక మాసపు సాయంకాలమున తూర్పున గుత్తిగా ఉదయించు కృత్తికలు కుమారస్వామికి పాలిచ్చిన తల్లులు. సప్తర్షి మండలపు తోకలో నడుమనున్న వసిష్ఠుని ప్రక్కన, కన్ను చిట్లించి చూచినగాని కనబడని చిన్నచుక్క అరుంధతి. పెండ్లినాడు మాత్రమే చూచి మఱచిపోవు ఆ తారను కూతురి పేరుగా నిత్యము పిలుచుకొనుట యెంత చక్కనిది! వెన్నెల, తొలకరి, కలువ యను అచ్చతెనుగు పేర్లు కూడ ఈ కోవలోనివే. వెన్నెల యను పేరు ఇప్పటికే కొన్ని యిండ్లలో వినబడుచున్నది, తక్కినవి ఎదురుచూచుచున్నవి.

జన్మనక్షత్ర పాదమునుబట్టి వచ్చు మొదటి అక్షరము వలన చేతులు కట్టుబడినవని కొందఱు నిరాశపడుదురు. అది నిజము కాదు. రోహిణి రెండవ పాదమునకు 'వ' వచ్చినచో వకుళ యున్నది. మఖ మొదటి పాదమునకు 'మ' వచ్చినచో మంజీర యున్నది. అనూరాధ మొదటి పాదమునకు 'న' వచ్చినచో నాగావళి యున్నది. రేవతి కడపటి పాదములకు 'చ', 'చి' వచ్చినచో చంపావతి, చిత్రావతి వరుసగా నిలిచియున్నవి. అక్షరము ఎల్ల గీసినదేకాని వాకిలి మూయలేదు.

పెట్టుటకు ముందు

అపురూపమైన పేరు పెట్టువారు కొన్ని జాగ్రత్తలు వహింపవలెను. నిశ్చయించిన పేరును ఇంటిలోని పెద్దవారిచేత, వీథిలోని పసిపిల్లలచేత పలుమాఱు పలికించి వినవలెను. వారి నోట అది ఏ రూపము దాల్చునో జీవితమంతయు ఆ బిడ్డ వినునది ఆ రూపమే. ముద్దుపేరుగా కుదించినప్పుడు అపహాస్యమునకు తావీయరాదు. ఇంటిపేరుతో కలిపి చదివి చూడవలెను. విదేశములలో నివసించు మనవారు ఇంకొక సంగతి తలచుకొనవలెను. ఆంగ్లలిపిలో ళకారము లేదు గనుక వకుళ అక్కడ వకుల యగును, నాగావళి నాగావలి యగును. బిడ్డ తన పేరును సరిగా పలికి ఇతరులకు నేర్పగలిగినచో ఇది దోషము కాదు. అంత శ్రమ వలదనుకొనువారికి మంజీర, శబరి, శిరీష వంటివి ఏ దేశమందైనను ఇంచుమించుగా నిలుచును.

చట్టము విషయమునను తొందరపాటు అక్కరలేదు. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము ప్రకారము పుట్టుకను 21 దినములలో నమోదు చేయింపవలసియున్నను, పేరు లేకుండ నమోదైన బిడ్డకు ఏడాదిలోగా రుసుము లేకుండగను, ఆ పిదప 15 ఏండ్ల వఱకు రుసుముతోను పేరు చేర్పించుకొనవచ్చును. అయితే 1 అక్టోబరు 2023 నుండి పుట్టిన పిల్లలకు బడి చేరిక మొదలుకొని పాస్‌పోర్టు వఱకు జనన ధ్రువపత్రమే ఆధారము గనుక, అందు వ్రాయించు అక్షరక్రమమును తెలుగులోను ఆంగ్లములోను ఒకే విధముగా, ముందుగానే తెల్లకాగితము మీద వ్రాసి సరిచూచుకొని మఱీ యిచ్చుట మేలు. ఆసుపత్రిలో ఎవరో అడిగినతోడనే తోచినది చెప్పివేయుటకంటె, నాలుగు వారములు ఆలోచించి నిశ్చయించుట బిడ్డకు చేయు మొదటి న్యాయము.

పేరుతో వచ్చు బాధ్యత

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచినది ఒకటి కలదు. దేవత పేరు పెట్టిన తల్లిదండ్రులు బిడ్డను ఆ దేవత గుడికి తీసికొనిపోవుదురు. తాతమ్మ పేరు పెట్టినవారు ఆమె పటమును చూపి ఆమె కథలు చెప్పుదురు. ఏటి పేరో చెట్టు పేరో పెట్టినవారికి సైతము అట్టి విధి యుండవలెను. వకుళ యను పాప నడక నేర్చినప్పుడు పొగడచెట్టు క్రిందికి నడిపించుకొనిపోయి, రాలిన పూవును ఆమె అరచేతిలో పెట్టవలెను. శిరీషకు దిరిసెన కాయల గలగల వినిపింపవలెను. మంజీరను కందకుర్తి రేవునకు, నాగావళిని శ్రీకాకుళపు ఏటి ఒడ్డునకు తీసికొనిపోయి, 'అమ్మా, ఇది నీ పేరు' అని చెప్పవలెను. అప్పుడు గాని పేరునకు ప్రాణము రాదు.

చూపుటతోనే బాధ్యత తీరదు; చూపుటకు ఆ వస్తువు మిగిలియుండవలెను గదా! నగరములలో పొగడచెట్లు రోడ్ల వెడల్పుకు కొట్టివేయబడుచున్నవి. ఇసుక తవ్వకములకు ఏళ్ళ గర్భములు గుంటలు పడుచున్నవి. ముచికుందయని పురాణనామము గల మూసీ హైదరాబాదు నడుమ ఏ దుస్థితిలో నున్నదో చూచినవారికి చెప్పనక్కరలేదు. ఒక నది పేరును కూతురికి పెట్టినవాడు ఆ నదిలోనికి మురుగు వదలుచుండగా చూచుచు ఊరకుండరాదు. ఒక చెట్టు పేరు పెట్టిన తల్లి ఆ చెట్టును ఒక్కదానినైనను తన ఇంటి ముందో, కూతురు చదువు బడి ఆవరణలోనో నాటి, అది నిలదొక్కుకొను వఱకు నీరు పోయవలెను. మన పెద్దలు తులసి పేరు పెట్టినప్పుడు పెరటిలో తులసికోట గూడ కట్టిరని మఱువరాదు.

కాబట్టి, త్వరలో ఆడబిడ్డకు పేరు పెట్టబోవు దంపతులకు నా మనవి యిది. పురోహితుని అక్షరము అడుగుటకు ముందే, ఇంటిలోని అమ్మమ్మను, నాయనమ్మను కూర్చుండబెట్టి, వారి ఊరిలో ఏ యే ఏఱులు పారెడివో, ఏ చెట్టు క్రింద వారు ఆడుకొనిరో, ఏ పూవులు జడలో తుఱుముకొనిరో అడిగి వ్రాసికొనుడు. ఆ వ్రాతలో ఒక్క పేరైనను మీ పాపకు సరిపోవును. దానిని నిస్సంకోచముగా పెట్టుడు, పెట్టిన పిదప ఆ ఏటికిని ఆ చెట్టునకును మీరే సంరక్షకులు కండు.